విడువబడనివాడు: కవి విలియం కూపర్ జీవితము

లండను నగరమునకు ఉత్తరముగా, ఊజ్ నది ఒడ్డున, ఓల్నీ అను చిన్న ఊరు కలదు. 18వ శతాబ్దమున ఆ ఊరి బీదజనులలో అనేకులు లేసు అల్లుకొని జీవనము సాగించుచుండిరి. ఊరి నడుమ, సంత జరుగు స్థలమునొద్ద, ఎఱ్ఱని యిటుకల యిల్లొకటి నేటికిని నిలిచియున్నది. ఆ యింటిలో పదునెనిమిది యేండ్లకు పైగా నివసించిన విలియం కూపర్ వ్రాసిన కీర్తనలను, రెండు శతాబ్దములు దాటినను, క్రైస్తవ సంఘములు పాడుచునే యున్నవి. దేవుని మార్గములు మానవుని బుద్ధికి అందకపోయినను అవి మేలుకొరకే యని ఆ కీర్తనలలో ఒకటి బోధించుచున్నది. భయముచేత నిద్రపట్టని జనులు ఎందరో దానివలన ఊరట పొందిరి. అయితే దానిని వ్రాసినవాడు తన జీవితములోని చివరి యిరువదియేడు సంవత్సరములు ఆ ఊరట తనకు చెందునని నమ్మలేకపోయెను.

కూపర్ చరిత్రను చెప్పువారు కొందరు ఆ కీర్తనతోనే కథను ముగించుచుందురు. వ్యాధి వచ్చినది, దేవుడు స్వస్థపరచెను, కీర్తన పుట్టినది అని చెప్పుట సులభము. కాని ఆ కీర్తన తరువాత వచ్చిన సంవత్సరములే మిక్కిలి దీర్ఘమైనవి. ఎడతెగని చింతతో కృశించు విశ్వాసికి ఆయన చరిత్ర మేలుచేయునది ఆ సంవత్సరముల వలననే.

తల్లిలేని బాలుడు

విలియం కూపర్ 1731వ సంవత్సరము నవంబరు మాసములో హెర్ట్‌ఫర్డ్‌షైరులోని బెర్కమ్‌స్టెడ్ అను ఊర జన్మించెను. తండ్రి జాన్ కూపర్ ఆ ఊరి దేవాలయపు గురువు. 1737 నవంబరులో తల్లి ఒక మగశిశువును కని కొద్దిదినములలోనే మరణించెను. విలియమునకు అప్పటికి ఆరేండ్లు నిండవచ్చుచుండెను. చావుగంట మ్రోగుట ఆ బాలుడు వినెను. తల్లి శవమును మోసికొనిపోవు బండిని కిటికీలోనుండి చూచెను. ఇంటి దాసీలు జాలిపడి, అమ్మ తిరిగి వచ్చునని చెప్పి అతని నూరడించిరి. అతడు ఆ మాటను నమ్మి దినదినము ఎదురుచూచి, దినదినము నిరాశ చెందెను. ఏబది మూడేండ్ల తరువాత, 1790లో, ఒక బంధువు తల్లి చిత్రపటమును పంపినప్పుడు ఆయన దానిని ముద్దుపెట్టుకొని, రాత్రి కన్నుమూయునప్పుడును ఉదయమున కన్నుతెరచునప్పుడును కనబడునట్లు పడక యెదుట తగిలించుకొనెను.

తల్లి పోయిన కొద్దికాలమునకే అతనిని వసతి పాఠశాలకు పంపిరి. అక్కడ పెద్దబాలుడొకడు అతనిని రహస్యముగా హింసించుచుండెను. ఆ భయము ఎంతటిదనగా, కూపర్ వాని ముఖమువైపు కన్నెత్తి చూడజాలక, వాని బూట్ల బకిళ్లను బట్టి మాత్రమే వానిని గుర్తించుచుండెను. కొంతకాలమునకు సంగతి బయటపడి ఆ పెద్దబాలుడు బడినుండి వెళ్లగొట్టబడెను. కాని ఏదో ఆపద వచ్చుచున్నదని ఎల్లప్పుడు పొంచిచూచు అలవాటు ఆ చిన్న హృదయములో నిలిచిపోయెను.

తరువాత లండనులోని వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో ఆయన గ్రీకు, లాటిను భాషలు చక్కగా నేర్చుకొనెను. మున్ముందు బెంగాలులో మొదటి గవర్నర్ జనరల్ కాబోవు వారన్ హేస్టింగ్స్ అక్కడ ఆయన సహవిద్యార్థి. పెద్దవాడైన తరువాత కూపర్ తన కావ్యములో ఒకచోట, చిన్న దొంగతనమునకు ఉరిశిక్ష విధించు తన దేశము హిందూదేశపు ప్రాంతములను దోచిన వారిని విడిచిపెట్టుచున్నదని నిష్ఠురముగా నిందించెను. లోపల భయముతో వణకువాడైనను అన్యాయము విషయమున ఆయన కలము వణకలేదు.

పరీక్షకు భయపడిన యువకుడు

తండ్రి కోరికమేరకు కూపర్ న్యాయశాస్త్రము చదివి 1754లో న్యాయవాది ఆయెను. ఆ పనియందు ఆయనకు ఆసక్తి లేకుండెను. అంతకుముందే, 1752లో, లండనులో ఒంటరిగా నున్న దినములలో మొదటిసారి గాఢమైన దిగులు ఆయనను పట్టుకొనెను. పగలు రాత్రి మనస్సు కుములుచుండెను. ప్రియమైన పుస్తకములును రుచింపలేదు. భక్తకవి జార్జ్ హెర్బర్టు పద్యములు కొంత నెమ్మది నిచ్చెను. కొన్ని మాసముల తరువాత సముద్రతీరమునకు వెళ్లియుండగా ఒకనాడు ఆ భారము ఒక్కసారిగా తొలగిపోయెను. ఇది గాలిమార్పు వలననే యని తలంచి, బాధలో తాను వ్రాసికొన్న ప్రార్థనలను ఆయన అగ్నిలో వేసెను.

పినతండ్రి కుమార్తెయైన థియోడోరాను ఆయన ప్రేమించెను. ఆమె తండ్రి ఆ వివాహమునకు సమ్మతింపలేదు. ఇద్దరు విడిపోయిరి, ఆమె జీవితాంతము అవివాహితగానే యుండెను. 1756లో తండ్రియును మరణించెను. చేతనున్న ధనము తరిగిపోవుచుండెను.

1763లో బంధువు ఒకరు ఆయనకు పార్లమెంటులోని హౌస్ ఆఫ్ లార్డ్స్ సభలో వృత్తాంతముల దస్త్రములు చూచు గుమాస్తా పదవి ఇప్పింపబూనెను. కూర్చుండి వ్రాసికొను ఆ ఉద్యోగము ఆయనకు తగినదే. అయితే ఆ నియామకమునకు ఒక పక్షమువారు అభ్యంతరము చెప్పిరి. కూపర్ సభ యెదుట నిలిచి, తన యోగ్యతను గూర్చి అడుగు ప్రశ్నలకు ఉత్తరములియ్యవలసి వచ్చెను. పదిమంది యెదుట నిలువవలె నన్నంతనే ఆయన ప్రాణము నీరయ్యెను. ఆరు మాసములకు పైగా ప్రతిదినము కార్యాలయమునకు వెళ్లి దస్త్రములను తెరచి చూచుచుండెను గాని ఒక్క మాటయైనను తలకెక్కలేదు. దినము సమీపించుకొలది భయము పెరిగి, భయమే వ్యాధియై, తన ప్రాణమును తానే తీసికొనుటకు ఆయన పలుమార్లు యత్నించెను. దేవుని కాపుదల వలన బ్రతికెను. పదవి పోయెను. అటు తరువాత, తాను దేవుని క్షమాపణకు మించిన పాపము చేసితినను తలంపు ఆయనను పట్టుకొనెను.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. సువార్త బోధయే కూపర్ మతిని చెడగొట్టినదని తరువాతి కాలమున కొందరు విమర్శకులు వ్రాసిరి. కాని 1752లోను 1763లోను ఆయనకు వ్యాధి వచ్చినది ఆయన ఆ బోధను హృదయమున చేర్చుకొనుటకు ముందే. వ్యాధి ముందుగా వచ్చినది. ఆ తరువాతనే అది భక్తి భాషను అరువు తెచ్చుకొని మాటలాడసాగెను.

వైద్యుని యింట ఉదయించిన వెలుగు

1763 డిసెంబరులో సోదరుడు ఆయనను సెయింట్ ఆల్బన్స్ పట్టణమందలి డాక్టరు నథానియేల్ కాటన్ వైద్యశాలలో చేర్పించెను. ఆ కాలమున మతి చలించినవారిని గొలుసులతో బంధించుట, కొట్టుట, వేడుకగా జనులకు చూపుట సామాన్యము. డాక్టరు కాటన్ అట్టివాడు కాడు. ఆయన భక్తిపరుడు, కవి, మృదుభాషి. రోగి చెప్పుకొనునదంతయు ఓపికతో వినెడివాడు. మాసములు గడచిన పిమ్మట, 1764 వేసవిలో ఒక ఉదయమున, కూపర్ బైబిలు తెరచి రోమీయులకు వ్రాయబడిన పత్రిక 3వ అధ్యాయము 25వ వచనము చదివెను. క్రీస్తు రక్తము వలని ప్రాయశ్చిత్తమును గూర్చిన ఆ మాట తన కొరకే వ్రాయబడినట్లు ఆయనకు తోచెను. ఆనందము పట్టజాలక ఆయన కన్నీరు కార్చెను. వైద్యుడు జాగ్రత్తపరుడై, ఈ సంతోషమును మరియొక వ్యాధి యేమోయని కొంతకాలము పరీక్షించి, తరువాత తానును ఆయనతో కలిసి దేవుని స్తుతించెను. 1765 జూన్ వరకు కూపర్ ఆ యింటనే యుండెను. అక్కడి పనివాడొకడు ఆయనను విడువజాలక వెంటవచ్చి సేవచేసెను.

కేంబ్రిడ్జిలోనున్న సోదరునికి దగ్గరగా నుండుటకై ఆయన హంటింగ్డన్ పట్టణములో బస చేసెను. అక్కడ మార్లీ అన్విన్ అను గురువు కుటుంబము ఆయనను తమ యింటివానిగా చేర్చుకొనెను. 1767లో అన్విన్ గుఱ్ఱముపైనుండి పడి మరణించెను. ఆ దుఃఖదినములలో ఓల్నీ దేవాలయపు గురువైన జాన్ న్యూటన్ పరామర్శింప వచ్చి, మేరీ అన్విన్‌ను, ఆమె పిల్లలను, కూపర్‌ను తన ఊరికి రమ్మని ఆహ్వానించెను. ఒకప్పుడు బానిసలను ఓడలలో తరలించిన న్యూటన్ అప్పటికి మారుమనస్సు పొంది సువార్త ప్రకటించుచుండెను.

ఓల్నీలో కూపర్, న్యూటన్‌ల తోటలు దాదాపు ఒకదానినొకటి ఆనుకొనియుండెను. ఇద్దరు కలిసి రోగులను దర్శించిరి, లేసు అల్లువారి గుడిసెలలో ప్రార్థనలు జరిపిరి. పదిమంది యెదుట నోరు విప్పలేని కూపర్ ఆ చిన్నకూటములలో ప్రార్థన చేయుచుండెను. ప్రార్థనకూటములకు కీర్తనలు వ్రాయుటకు ఇద్దరు పూనుకొనిరి. 1769 డిసెంబరులో మేరీ అన్విన్ ప్రాణాపాయ స్థితిలో నుండగా, దేవునితో మరింత సన్నిహితముగా నడువగోరు కీర్తనను ఆయన రచించెను. 1779లో ప్రచురింపబడిన ఓల్నీ కీర్తనల గ్రంథములోని 348 కీర్తనలలో అరువదికి పైగా కూపర్ వ్రాసినవి. తక్కినవన్నియు న్యూటన్ వ్రాయవలసి వచ్చెను. ఏలయనగా నడుమ కూపర్ కలము ఆగిపోయెను.

1773వ సంవత్సరము

1772లో కూపర్, మేరీ అన్విన్‌లకు వివాహము నిశ్చయమైయుండెను. 1773 జనవరిలో వ్యాధి మరల వచ్చెను. ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆయనకు భయంకరమైన స్వప్నము కలిగెను. తన పని ముగిసిపోయినదనియు తాను నశించితిననియు చెప్పు స్వరమొకటి అందులో వినబడెను. అది దేవుని తీర్పేయని ఆయన నమ్మెను. దేవుడు తన ప్రాణమును బలిగా కోరుచున్నాడని తలంచి, ఆ సంవత్సరమే మరల చావవలెనని యత్నించెను. వివాహము జరుగలేదు. ఆనాటినుండి ఆయన దేవాలయములో అడుగుపెట్టలేదు. ప్రార్థించుటకు తనకు అర్హత లేదనుకొనెను. దేవుడు లేడని ఆయన ఎన్నడును అనలేదు. దేవుడు మంచివాడనియు క్రీస్తు అందరికొరకు మరణించెననియు నమ్ముచునే, ఆ కృప తనను ఒక్కనిని మాత్రము విడిచినదని నమ్మెను.

ఆ ఏప్రిలులో సంతరోజుల సందడికి ఓర్వలేక ఆయన న్యూటన్ ఇంటికి వెళ్లెను. వెళ్లినవాడు తిరిగి పోనని పట్టుబట్టి, పదమూడు మాసములు అక్కడనే యుండెను. న్యూటన్ దంపతులు ఆయనను పంపివేయలేదు. న్యూటన్ దేవదూత కాడు. కొన్నిసార్లు తన హృదయము విసిగి తిరుగబడినదని తానే ఒప్పుకొనెను. అయినను అట్టి స్నేహితుని కొరకు ఎంత సహించినను ఎక్కువ కాదని భావించెను. మేరీ అన్విన్ రాత్రింబవళ్లు కనిపెట్టుకొనియుండెను. తనను అందరు ద్వేషించుచున్నారని రోగి అనుమానించిన దినములలోను ఆమె ఆ స్థానమును విడువలేదు. ఆయనకు విశ్వాసము చాలలేదని ఆ యింటిలో ఎవరును గద్దింపలేదు.

కుందేళ్లు, దోసకాయలు, కావ్యములు

1774లో వ్యాధి కొంత నెమ్మదించెను. పెద్దపని చేయుటకు మనస్సునకు శక్తి లేదు. ఊరకుండిన భయము కమ్ముకొనును. అట్టి సమయమున పొరుగువాని పిల్లలు ఒక కుందేలు పిల్లను పెంచలేక విడువగా కూపర్ దానిని తీసికొనెను. సంగతి తెలిసి ఊరివారు మరికొన్ని తెచ్చియిచ్చిరి. వాటిలో మూడింటిని ఉంచుకొని పుస్, టైనీ, బెస్ అని పేర్లు పెట్టెను. ఉలి, సుత్తి చేతబట్టి వాటికి గూళ్లు తానే చేసెను. పుస్ జబ్బుపడినప్పుడు మూడు దినములు దానికి ఉపచారము చేయగా, అది కృతజ్ఞతతో ఆయన చేతిని నాకెను. భయము స్వభావముగాగల ఆ జంతువు, భయముతో బ్రతుకు ఆ మనుష్యుని ఒడిలో నిర్భయముగా నిద్రించుచుండెను. అది దాదాపు పండ్రెండేండ్లు బ్రతికెను.

వడ్రంగము తరువాత తోటపని వచ్చెను. ఎరువు వేడిమిచే చలికాలమున దోసపాదులు పెంచుట నేర్చెను, అద్దపు పలకలతో చిన్న పూలగది కట్టెను, చిత్రములు గీసెను. ఈ పనులేవియు వ్యాధిని మాన్పలేదని ఆయనకు తెలియును. కాని చేతులు పనిలోనున్నంతసేపు మనస్సునకు విరామము దొరకుచుండెను. ఒక గంట, ఆ తరువాత మరియొక గంట, అట్లు ఒక దినము గడచుచుండెను.

1780లో న్యూటన్ లండను దేవాలయమునకు మారిపోయెను. ఆ చలికాలమున మేరీ అన్విన్ ఆయనను పద్యములు వ్రాయుమని ప్రోత్సహించెను. ఏబది యేండ్ల వయస్సున, 1782లో, ఆయన మొదటి కావ్యసంపుటి వెలువడెను. ఆ సంవత్సరమే ఒక సాయంకాలమున, ఆయన దిగులుగానుండుట చూచి, స్నేహితురాలైన లేడీ ఆస్టెన్ తన చిన్ననాట విన్న హాస్యకథ నొకటి చెప్పెను. గుఱ్ఱము స్వాధీనము తప్పి పరుగెత్తగా దానిపై అల్లాడిన జాన్ గిల్పిన్ అను వర్తకుని కథ అది. రాత్రి నిద్రలేక నవ్వుకొని కూపర్ దానిని పాటగా కట్టెను. దేశమంతయు ఆ పాటకు నవ్వెను. దానిని కట్టినవాని మనోవేదన నవ్వినవారిలో ఎవరికి తెలియును?

ఆమెయే వేరొకనాడు, వ్రాయుటకు విషయమేమని ఆయన అడుగగా, కూర్చున్న సోఫాను గూర్చి వ్రాయుమని చెప్పెను. ఆ చిన్నమాటనుండి ఆరు భాగముల మహాకావ్యము పుట్టెను. 1785లో ప్రచురింపబడిన ఆ కావ్యమునకు, ఒకరు తనకప్పగించిన పని యని అర్థమిచ్చు పేరునే ఆయన పెట్టెను. నిత్యము కనబడు పొలములను, చలికాలపు ఉదయములను, ఇంటి నెగడును, తోటను సరళమైన భాషలో వర్ణించిన ఆ కావ్యము ఆంగ్ల కవిత్వమునకు క్రొత్తదారి చూపెను. తరువాత హోమరు గ్రీకు కావ్యములను అనువదింప మొదలిడి, దినమునకు ఇన్ని పాదములని నియమము పెట్టుకొని, 1791లో ముగించెను.

తన బాధలో మునిగి ఆయన ఇతరులను మరువలేదు. ఒక ధనికుడు తన పేరు బయటపెట్టవద్దని కోరి ఓల్నీ బీదలకు ధనము పంపగా, కూపర్, మేరీ అన్విన్‌లు ఎవరికి దుప్పటి లేదో, ఎవరికి రొట్టె లేదో విచారించి పంచిపెట్టిరి. 1788లో బానిసవ్యాపారమును ఖండించుచు ఆయన వ్రాసిన గీతములను, ఆ వ్యాపారమును మాన్పింప పోరాడువారు వేలాదిగా అచ్చువేసి పంచిరి. ఆఫ్రికా బానిస కూడ దేవుని బిడ్డయే యని దేశమునకు చెప్పినవాడు, తాను దేవుని బిడ్డనని చెప్పుకొనలేకపోయెను.

మానని గాయము

1786లో కూపర్, మేరీ అన్విన్‌లు సమీపమందలి వెస్టన్ గ్రామమునకు మారిరి. బాల్యస్నేహితురాలైన బంధువు లేడీ హెస్కెత్ మరల చేరువయ్యెను. నివాసము మారెను గాని మనస్సు మారలేదు. 1787 జనవరిలో వ్యాధి మరల వచ్చి దాదాపు ఆరు మాసములుండెను. జనవరి మాసము వచ్చుచున్నదనిన ఆయనకు వణకు పుట్టుచుండెను. వచ్చు భయమునకు భయపడుట, దీర్ఘకాలము చింతతో బాధపడువారందరు ఎరిగిన బాధయే.

ఆ దినములలో ఓల్నీ బడిపంతులు ఒకడు ఆయన స్వప్నములకును స్వరములకును అర్థములు చెప్పుచుండెను. కూపర్ అతనికి ధనసహాయము చేయుచు, తనకు రాత్రి వినబడిన మాటలను వ్రాసి పంపి, అతని జవాబులకొరకు వేచియుండెను. ఆ పంతులు మేలు కోరియే ధైర్యవాక్యములు పంపెను. కాని ఒకనాటి స్వరము ఇచ్చిన ఆశను మరునాటి స్వరము హరించుచుండెను. వ్యాధిచే అలసిన మనస్సులో లేచు ప్రతి స్వరమును దేవుని స్వరమని ఎంచుట ఎంత ప్రమాదమో ఈ సంగతి తెలుపుచున్నది. డాక్టరు కాటన్ వలె ఓపికతో వినుట, మేరీ అన్విన్ వలె తోడుండుట ఆయనకు చేసినంత మేలు, స్వప్నములకు చెప్పిన అర్థములు చేయలేదు.

1791 డిసెంబరులో మేరీ అన్విన్‌కు పక్షవాతము వచ్చెను; 1792లో మరల వచ్చెను. ఇరువది యేండ్లు తనను సేవించిన ఆమెను ఇప్పుడు కూపర్ సేవించెను. నడిపించెను, చదివి వినిపించెను, ప్రక్కనుండి కదలలేదు. సూదిపని చేయజాలని ఆమె చేతులను గూర్చి 1793లో ఆయన వ్రాసిన గీతము చదివినవారి కన్నులు చెమ్మగిల్లును. 1794లో చింత ఆయనను పూర్తిగా క్రమ్ముకొనెను. ఆ సంవత్సరమే రాజు ఆయనకు ఏటికి 300 పౌనుల భృతి మంజూరు చేసెను. దానికి సంతోషించు శక్తియైనను ఆయనకు లేకపోయెను.

1795లో యువకుడైన బంధువు జాన్ జాన్సన్ వారిద్దరిని నార్ఫక్ ప్రాంతమునకు తీసికొనిపోయి తన సంరక్షణలో ఉంచుకొనెను. 1796 డిసెంబరులో మేరీ అన్విన్ మరణించెను. ఆమె దేహమును చూచి కూపర్ ఒక్కసారి బిగ్గరగా విలపించి, ఆ తరువాత ఆమె పేరు ఎన్నడును ఎత్తలేదు. జాన్సన్ ఆయనకు కథలు చదివి వినిపించెను, సముద్రతీరమున నడిపించెను. ఆయన నడచు గదిలో హోమరు గ్రంథములను తెరచియుంచి ఏమియు ఎరుగనట్లుండెను. కొన్ని దినములకు కూపర్ వాటిని చేతబట్టి తన అనువాదమును దిద్దుట మొదలిడి, 1799లో ఆ పని ముగించెను.

ఆ సంవత్సరమే ఆయన తన చివరి గొప్ప పద్యమును రచించెను. తుపానులో ఓడనుండి జారిపడిన నావికుని కథ అది. ఓడవారు అతనిని రక్షింపగోరినను గాలివలన ఓడను త్రిప్పలేకపోయిరి. ఆ నావికునికంటె లోతైన అగాధములో తాను మునిగితినని కూపర్ భావించెను. 1800వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీన, ఈస్ట్ డీరమ్ పట్టణములో, అరువది యెనిమిదవ యేట ఆయన కన్నుమూసెను. ఆ ఊరి దేవాలయములోనే ఆయనను సమాధిచేసిరి. మరణించిన తరువాత ఆయన ముఖమున, ఎదురుచూడని సంతోషమును కన్నవాని ముఖమునవలె, ఒక పవిత్రమైన ఆశ్చర్యము కనబడినదని జాన్సన్ వ్రాసియుంచెను. వృద్ధుడైన న్యూటన్ తన స్నేహితుని గూర్చి ప్రసంగము చేసెను. కూపర్ తన రక్షణను గూర్చి ఎంత నిరాశపడినను, న్యూటన్ దానిని సందేహింపలేదు.

ఆ జీవితము చెప్పు మాట

కూపర్ స్వస్థత పొందిన కథగా ఈ చరిత్రను మార్చుటకు వీలులేదు. నేటి వైద్యులు ఇట్టి బాధను వ్యాధిగా గుర్తించి, ఔషధములతోను, ఓపికగల సంభాషణతోను చికిత్స చేయుచున్నారు. అనేకులు దానివలన మేలుపొందుచున్నారు. ఆయన కాలమున అట్టి సహాయము బహు స్వల్పము. డాక్టరు కాటన్ ఇంటికి పోవుట కూపర్‌కు అవమానము కాలేదు. ఆయన విశ్వాసమునకు వెలుగు కనబడినది అక్కడనే. చింతతో బాధపడు విశ్వాసి వైద్యుని యొద్దకు పోవుటలో దేవునియందు అవిశ్వాసము ఏమియు లేదు.

తన్ను దేవుడు విడిచెనని కూపర్ ఇరువదియేడేండ్లు నమ్మెను. ఆ యేండ్లలో ఆయనకు జరిగినదేమి? ఒక గురువు పదమూడు మాసములు తన యింటి తలుపు మూయలేదు. ఒక స్త్రీ ఇరువది యేండ్లకు పైగా ప్రక్కనే నిలిచెను. ఒక స్నేహితురాలు నవ్వుకథ చెప్పెను. ఒక యువకుడు తెరచిన పుస్తకము గదిలో పెట్టెను. ఒక కుందేలు చేయి నాకెను. విడువబడినవానికి ఇన్ని ఎక్కడనుండి వచ్చును? ఆయన చేతికి దేవుడు అందలేదనిపించిన దినములలోను దేవుని చేయి ఈ చేతులన్నిటిలో ఆయనను పట్టుకొనియే యుండెను. ఆయన మనస్సు చెప్పిన తీర్పు వ్యాధి పలికిన మాటయే గాని పరలోకము ఇచ్చిన తీర్పు కాదు.

ఇట్టి బాధగలవారు ప్రతి సంఘములోను ఉన్నారు. కొందరు ఆదివారమున వెనుక బల్లమీద మౌనముగా కూర్చుందురు, కొందరు రానేరారు. కీర్తన పాడుదురు గాని అది తమది కాదనుకొందురు. అట్టివారికి వాదము వలన గాని గద్దింపు వలన గాని నెమ్మది కలుగదు. ప్రక్కన కూర్చుండు ఒక న్యూటన్, విసుగక కనిపెట్టు ఒక మేరీ అన్విన్, వ్యాధిని ఎరిగిన ఒక మంచి వైద్యుడు, చేతికి ఒక చిన్నపని వారికి కావలెను. వారు ప్రార్థింపలేని దినమున సంఘము వారి పక్షముగా ప్రార్థింపవలెను. వారు నమ్మలేని నిరీక్షణను వారికొరకు సంఘము భద్రపరచవలెను. ఓల్నీలో ఆ విధముగానే జరిగినది. అందువలననే తన కీర్తన తనది కాదనుకొన్న ఆ మనుష్యుని కొరకు ఆ కీర్తనను ఇతరులు నేటికిని పాడుచున్నారు.